కూర్మయ్య సంతకం

పొందూరు,
9 సెప్టెంబరు 2024

సుహాసిని వదినకు చినబాబు నమస్కారం.

ఉత్తరం చూసి కంగారు పడకు. ఇక్కడ అందరం బాగున్నాం. ఫోన్‌లో మాట్లాడేవన్నీ ఎక్కడో రికార్డవుతాయని మా మిల్లు గుమస్తా చెప్పాడు. నేను నిన్ను అడగబోయేది రికార్డు కాకూడని విషయం. అందుకే కాగితం మీద రాసి, సంతకం పెట్టి మరీ పంపుతున్నాను. చదివి చింపెయ్యి.

నాన్న కారు తయారైపోయింది. ఆకుపచ్చ రంగు గీకిస్తే కింద మీగడ రంగు బయటపడింది. కార్ఖానాలో వేసిన అసలు రంగు అదేనని మెకానిక్కు ఒట్టేసి చెప్పాడు. బండంతా అదే వేయించాను. ‘నువ్వు ఏ పనీ చివరిదాకా చెయ్యవురా’ అని నాన్న పోయేవరకూ అంటూనే ఉన్నాడు కదా! ఇప్పుడుంటే ఏమనేవాడో. రేఖ మాత్రం, “ఆ బండికి తుడిసినన్ని మాట్లు ఈ పెల్లాం మొకం సూసుంటే ఈపాటికి నాను సినిమాల్లో సేరిపోదును” అంటోంది.

నవంబరులో విశాఖపట్నంలో పాత కార్ల ప్రదర్శన ఉంది. బహుమతి రావాలంటే కార్ఖానా కాగితం కూడా ఉండాలట. కలకత్తా దగ్గర కార్ఖానా నుంచి బండి బయటికి వచ్చేటప్పుడు స్టీరింగుకు దారంతో ఒక పరీక్ష చీటీ కట్టేవారు. అందులో రంగు, ఇంజను నంబరు, పరీక్షించినవాడి సంతకం ఉంటాయి. మన బండి చీటీ నీ పాత పెట్టెలో తప్పక ఉంటుంది. శుభలేఖల కవర్లు కూడా పారెయ్యని మనిషివి నువ్వు.

అన్నయ్యకు చెప్పకు. చెప్పినా వినడనుకో.

నీ మరిది
చినబాబు


విజయనగరం,
14 సెప్టెంబరు 2024

చినబాబుకు వదిన ఆశీస్సులు.

నీ ఉత్తరం చింపలేదు. అందిన తేదీ వేసి ఫైలులో పెట్టాను. ఫైలుకు పేరు ఉండాలి కనుక ‘చినబాబు – కారు – రహస్యం’ అని అట్ట మీద రాశాను.

పెట్టె మొత్తం దింపి చూశాను. మావయ్యగారి రేడియో లైసెన్సు ఉంది. గేదెను అమ్మిన రసీదు ఉంది, ఆ గేదెనే మళ్ళీ కొన్న రసీదు కూడా ఉంది. చీటీ లేదు. ఎందుకు లేదో ఆలోచిస్తుండగా గుర్తొచ్చింది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో అత్తయ్యగారు దానిలో తోటకూర విత్తనాలు పొట్లం కట్టి శ్రీముఖలింగంలోని మీ మేనత్తకు పంపించేశారు. నేను వద్దనబోతే, “కాయితం దిట్టంగున్నాదే, ఇత్తనాలకి బాగుంతాది” అన్నారు. చదువుదామంటే చేతికి కూడా ఇవ్వలేదు. తోటకూర మాత్రం బాగా మొలిచిందని జవాబు వచ్చింది. ఆ కార్డు ఉంది. కావాలంటే పంపుతాను.

చీటీ లేకపోతే లేదని రాసి ఇవ్వు. లేని వస్తువును లేదనడానికి సిగ్గెందుకు?

మీ అన్నయ్యకు మోకాలి నొప్పి తగ్గింది. రేఖ పంపిన పనసకాయ కూర నూనె తక్కువైనా బాగుంది.

వదిన
సుహాసిని


పొందూరు,
19 సెప్టెంబరు 2024

వదినా,

ఫైలు పెట్టావా! పైన రహస్యం అని కూడా రాశావా! సరే, ఇక చేసేదేముంది.

అలాంటి చీటీ ఫొటో ఒకటి నాకు దొరికింది. మన శుభలేఖలు వేసే నాగబాబు పాత ఇంగ్లీషు అచ్చు అక్షరాలతో ఖాళీ చీటీ కొట్టి ఇచ్చాడు. దీనితో పంపుతున్నాను. నువ్వు చెయ్యాల్సిందల్లా సిరా కలంతో నింపి, కొంచెం పాతదానిలా చెయ్యడమే. నీలాంటి దస్తూరీ ఇప్పుడెవరికీ లేదు. నాది చూస్తున్నావుగా, కోడి గీకినట్టుంటుంది.

తప్పంటావని తెలుసు. ఒక్కటి చెప్పు. సీటు చిరిగితే మళ్ళీ కుట్టించాను. బంపరు కొత్తది. నాలుగు చక్రాలూ కొత్తవి. హారను కొత్తవలసలో పాత ఇనుము కొట్టువాడి దగ్గర దొరికింది, అది ఏ బండిదో దేవుడికెరుక. ఇవేవీ అబద్ధం కాదట! పోయిన కాగితం ఒక్కటి తిరిగి చేయిస్తే అబద్ధమా? కారులో మిగతా అన్నిటికీ ఉన్న హక్కు కాగితానికి లేదా?

నాన్న కోసం ఒక్కసారి.

చినబాబు


విజయనగరం,
2 అక్టోబరు 2024

చినబాబుకు,

నీ ప్రశ్నకు జవాబు దొరకడానికి వారం పైన పట్టింది. ఆలోచిస్తూ పులుసులో రెండుసార్లు ఉప్పు వేశాను. మీ అన్నయ్య గమనించలేదు.

దిండుకు కొత్త గలీబు తొడిగినంత మాత్రాన దిండు అబద్ధమాడినట్టు కాదు. సీటు మీద మనం కూర్చుంటాం, అది నోరు తెరిచి ఏమీ చెప్పదు. కాగితం పుట్టిందే చెప్పడానికి. ‘ఫలానా రోజున ఫలానా మనిషి ఈ బండిని చూశాడు’ అంటుంది. ఆ మనిషి చూడకపోతే అది చక్రంలాంటిది కాదు, దొంగసాక్షిలాంటిది. ఇదీ నా జవాబు.

అయినా మావయ్యగారి పేరు ఎత్తావు కనుక రాసి పంపుతున్నాను. ఒక షరతు. చీటీ వెనక ‘ఇది నకలు, విజయనగరంలో 2024లో తయారైనది, రాసినది సుహాసిని’ అని స్పష్టంగా రాశాను. అడిగినవాళ్ళకు వెనక్కి తిప్పి చూపించాలి.

టీ డికాషనులో ముంచితే టీకొట్టులో బజ్జీలు చుట్టే కాగితంలా తయారైంది. చింతపండు రసంలో వేస్తే చీమలు పట్టాయి. నాగబాబు మూడు చీటీలు ఇవ్వబట్టి సరిపోయింది. చివరికి దగ్గుకు వాడే కరక్కాయ నానబెట్టిన నీళ్ళు పట్టించి, నీడలో ఆరబెట్టాను. యాభై ఏళ్ళ రంగు ఒక పూటలో వచ్చేసింది. వాసన కొంచెం ఉంటుంది.

రంగు దగ్గర ‘ఆకుపచ్చ’ అని రాశాను. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆ బండి ఆకుపచ్చే. మీగడ రంగులో ఉండగా నేను చూడలేదు. దొంగ కాగితమే అయినా చూడనిది రాయడం నా వల్ల కాదు.

పరీక్షించినవాడి పేరుకు మాత్రం చూసినది ఏమీ లేదు. కలకత్తా పేరు ఒక్కటీ తోచలేదు. మన శ్రీకాకుళం జిల్లా నుంచి కలకత్తా వెళ్ళినవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు, వాళ్ళలో కూర్మయ్యలకు లోటు లేదు. ఒక కూర్మయ్య ఆ కార్ఖానాలో చేరి ఉండడా అని ‘ఎం. కూర్మయ్య’ అని పెట్టాను. ముందు ఒక అక్షరం ఉంటే ఉద్యోగస్తుడిలా ఉంటుంది. కింద ఒక వంకీ తిప్పాను. ఉద్యోగస్తులు అలా తిప్పుతారు.

వదిన


పొందూరు,
18 నవంబరు 2024

వదినా,

ఏమని రాయను! మనకు మొదటి బహుమతి వచ్చింది. మన కారును మైదానంలోంచి బయటికి తీసెయ్యమన్నారు. రెండూ ఒకే రోజు, ఒకే మనిషి నోటి నుంచి.

న్యాయనిర్ణేత పెద్దాయన భూతద్దంతో వచ్చాడు. ముందు కాగితం చూశాడు. వాసన చూశాడు. మళ్ళీ చూశాడు. కళ్ళు మూసుకుని, “ఇది ఆ కాలపు గోదాముల వాసన, ఎవరూ తయారు చెయ్యలేరు” అన్నాడు. నేను దగ్గు వచ్చినట్టు నటించాను. నిజంగా దగ్గు వచ్చి ఉంటే ఆ వాసనకే తగ్గిపోయేది. తర్వాత కారు చూశాడు. కాగితంలో ఆకుపచ్చ, ఎదురుగా మీగడ. ఆయన ముఖం మారిపోయింది. “కాగితం నిస్సందేహంగా అసలుది. కనుక ఈ బండి ఆ కాగితం తాలూకు బండి కాదు. ఎక్కడి నుంచి తెచ్చావయ్యా ఈ నకిలీ బండిని?” అని మైకులో అడిగాడు.

నాన్న బండి వదినా! నేను దాని వెనక సీట్లో పుట్టబోయి, ఆసుపత్రి గుమ్మంలో పుట్టాను. దాన్ని పట్టుకుని నకిలీ అన్నాడు.

రంగు దగ్గర నువ్వేం రాశావో నేను సరిగ్గా చూసుకోలేదు. సంతకం చూసి మురిసిపోయానంతే. కప్పు ‘ఉత్తమ కార్ఖానా పత్రం’ విభాగంలో ఇచ్చారు. అనర్హమైన ఆ కారులోనే దాన్ని ఇంటికి తెచ్చుకున్నాను. పేపరువాళ్ళు కాగితానికి దగ్గరగా ఫొటో తీసి, ‘కలకత్తా కార్ఖానాలో సిక్కోలు సంతకం’ అని జిల్లా పేజీలో వేశారు.

వెనక రాసినది ఎవరూ చూడలేదు. మడత పడకుండా దళసరి అట్టకు జిగురుతో అతికించాను మరి. వెనక రాశానన్నావు గానీ అతికించొద్దని నువ్వు రాయలేదు.

వచ్చే ఏడు చూపిస్తాను వాళ్ళకి. రేపటి నుంచి బండికి ఆకుపచ్చ వేయిస్తున్నాను. కాగితాన్ని బట్టి కారు ఉంటే ఇక మాట్లాడేదెవడు?

చినబాబు


విజయనగరం,
22 నవంబరు 2024

చినబాబుకు,

అట్ట సంగతి తర్వాత మాట్లాడతాను. ముందు ఇది కూర్చుని చదువు.

నిన్న మధ్యాహ్నం ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. భావనపాడు నుంచి లక్ష్మణమ్మ అని అరవై దాటిన మనిషి, ఆమె కోడలు అరుణశ్రీ. చేపల వ్యాపారం. పేపరు ముక్క పట్టుకుని ముందు పొందూరు వచ్చారట. ‘పాత కాగితాలన్నీ మా వదిన దగ్గరే ఉంటాయి’ అని నువ్వు నా చిరునామా ఇచ్చి పంపావట. ఎందుకొచ్చారని అడగనైనా అడిగావా?

ఆమె తండ్రి పేరు మైలపల్లి కూర్మయ్య. ఆమె పసిపిల్లగా ఉండగా కలకత్తా వెళ్ళాడు. మనిషి తిరిగి రాలేదు, కబురూ రాలేదు.

కాఫీ ఇస్తే తాగలేదు. పేపరులోని ఫొటో మీద వేలు పెట్టింది.

“మా అయ్యకి రాత రాదని మా అమ్మ సెప్పీదమ్మా. పోయీదాకా అదే మాట. ‘రాయడం వచ్చుంటే రాసును గదే, రాక రాయలేదు గానీ మనల్ని మరిసిపోయి కాదు’ అనీది. నానూ అలాగే అనుకున్నాను. ఊల్లో ఎవులైనా ఏటైనా అంటే ఆడి తరపున నానే దెబ్బలాడీదాన్ని. ఇప్పుడిది సూడండి! ఎంత సక్కగా ఎట్టినాడో సంతకం! కింద వంకీ కూడా తిప్పినాడు! ఇంత సక్కగా రాసీవోడు మాకో కార్డు ముక్క రాయలేకపోనాడా?”

అరుణశ్రీ, “ఊరుకో అత్తా, కూర్మయ్యలు ఎంతమందో!” అంది.

“ఎమ్ము అని నువ్వే సదివినావు గదే! మైలపల్లోల కూర్మయ్య కలకత్తాలో ఇంకెవులున్నారు?”

ఏటా పడవలు వేటకు దిగే రోజున ఆమె తండ్రి పేరున ఒక కొబ్బరికాయ సముద్రంలో వదులుతుందట. “ఇకనొదల్ను. రాత వచ్చినోడికి కొబ్బరికాయెందుకు?” అని లేచింది. అసలు కాగితం ఒక్కసారి చూపించమంది. చూసి దాని మీద ఉమ్మేసి వెళ్ళిపోతుందట.

నేను ఆ సంతకం పెట్టిన చేత్తోనే కాఫీ గ్లాసు పట్టుకుని నిలబడ్డాను. కాగితం మా మరిది దగ్గర ఉందని మాత్రం అన్నాను. వాళ్ళు వెళ్ళాక మీ అన్నయ్య పేపరు దించకుండానే, “సంతకం బాగానే ఎట్టినావు గానీ, ఎవులి పేరో సూసుకోవద్దేటే?” అన్నాడు. ఆయనకు తెలియదనే ఇన్నాళ్ళూ అనుకుంటున్నాను.

రాయడం రాదన్నది ఒక్కటే ఆ మనిషికి మిగిలిన సాకు. ఇన్నేళ్ళుగా కూతురి దగ్గర ఆయన పరువు దానితోనే నిలబడింది. నేను ఒక వంకీ తిప్పి దాన్ని తీసేశాను. నువ్వు సీటు, బంపరు అన్నావు. బంపరు మారిస్తే ఎవరి తండ్రికీ ఏమీ కాదు.

నేను వెళ్ళి చెప్పేస్తాను. ప్రదర్శన కమిటీకి కూడా జరిగింది రాసి, ఇందాకే పోస్టు చేశాను.

సుహాసిని


పొందూరు,
27 నవంబరు 2024

వదినా, వదినా,

కమిటీకి రాసేశావా! వాళ్ళు ఫోను చేశారు. రికార్డవుతుందని నేను ఊఁ, ఆఁ తప్ప ఏమీ అనలేదు. నీ ఉత్తరం వాళ్ళు లెక్కలోకి తీసుకోరట. ఎందుకో తెలుసా? నువ్వు పంపింది జెరాక్సు కాపీ అట. ‘మా దగ్గర నకళ్ళు చెల్లవు, అసలు ప్రతి పంపితే పరిశీలిస్తాం’ అన్నారు. అసలు ప్రతి ఎందుకు పంపలేదు?

పంపకపోవడమే మంచిదైంది. ఇక్కడితో ఆపెయ్యి. ఆ లక్ష్మణమ్మగారు కార్ఖానా పెన్షను కోసం వచ్చి ఉంటుందని నేననుకున్నాను. అందుకే నీ దగ్గరికి పంపాను, నువ్వయితే దరఖాస్తు బాగా రాస్తావని. నాకేం తెలుసు?

నా మాట విను. ఆమె తండ్రి ఊరికే మాయమైపోయిన మనిషి. మన పుణ్యమా అని చదువొచ్చింది, ఉద్యోగమొచ్చింది, పేపర్లో పేరొచ్చింది. కోపం నాలుగు రోజులు ఉంటుంది, తర్వాత గొప్పగా చెప్పుకుంటుంది. నువ్వు వెళ్ళి నిజం చెబితే ఆమెకు ఆ తండ్రి కూడా ఉండడు.

ఇంకో కష్టం. ఆకుపచ్చ వేసేవాడు బానెట్టు, కుడివైపు రెండు తలుపులూ వేశాక నీ ఉత్తరం వచ్చింది. ఆపించాను. ఇప్పుడు బండి సగం నిజం, సగం అబద్ధం. ఏ సగం ఏదో నాకే తెలియడం లేదు. రేఖ, “ఇటు నుంచి సూస్తే నీ బండి, అటు నుంచి సూస్తే మీ వదిన బండి. మద్దెలో నానెక్కడ కూకోను?” అని నవ్వుతోంది.

ఉత్తరాలన్నీ తగలబెట్టు. నీకు దండం పెడతాను.

చినబాబు


విజయనగరం,
5 డిసెంబరు 2024

చినబాబుకు వదిన ఆశీస్సులు.

అసలు ప్రతి ఎందుకు పంపలేదంటే, అసలు ప్రతి ఫైలులో ఉండాలి కనుక. అయినా కమిటీవాళ్ళు అడిగింది న్యాయమే. నిన్న రిజిస్టరు పోస్టులో పంపించాను. జెరాక్సు ఫైలులో పెట్టుకున్నాను. మనసుకు కష్టంగానే ఉంది.

ఇప్పుడు భావనపాడు సంగతి. మొన్న టెక్కలి దాకా బస్సులో, అక్కడి నుంచి ఆటోలో వెళ్ళాను. లక్ష్మణమ్మ ఇంటి ముందు ఎండు చేపలు తిరగేస్తోంది. నన్ను చూసి, “కాయితం తెచ్చినారా?” అంది.

తేలేదన్నాను. ఆ సంతకం మీ నాన్నది కాదు, నేను పెట్టానన్నాను.

నమ్మలేదు. “మీరు మంచోరు. నా బాద సూసి సెప్తన్నారు” అంది. నిజం చెప్పడానికి ఇంత దూరం వెళితే నన్నే అబద్ధమాడుతున్నాననుకుంది. అరుణశ్రీ చేత కాగితం, కలం తెప్పించి, ఆమె ఎదురుగా ‘ఎం. కూర్మయ్య’ అని పెట్టాను. వంకీ తిప్పాను. పేపరు ముక్క పక్కన పెట్టి చూసింది. ఇంకోటి పెట్టమంది. కాగితం నిండిపోయేదాకా పెట్టించింది. వీధిలో ఆడవాళ్ళు గుమిగూడి, బొమ్మలు గీసే మనిషి వచ్చిందనుకున్నారు.

అప్పుడు అడిగింది. “అయితే మా అయ్యకి రాత రాదు?”

“ఆయన సంగతి నాకేమీ తెలియదమ్మా. ఈ రాత మాత్రం ఆయనది కాదు.”

“రాదు! రాదంటే రాదు! మా అమ్మ సెప్పనే సెప్పింది!” అని చేపల బుట్ట కిందపెట్టి చప్పట్లు కొట్టింది. ఆ వీధి మొత్తానికి వినిపించేలా, “ఒసే, మా అయ్యకి రాయడం రాదే! ఈయమ్మ రాసిందంట!” అని కేక వేసింది. తండ్రికి చదువు రాదని ఒక మనిషి అంత సంబరపడటం నేనెప్పుడూ చూడలేదు. ఆ తర్వాత నన్ను గట్టిగా తిట్టింది. “సదూకున్నోల్లు మీకు రాసుకోడానికి ఇంకోల పేరు దొరకనేదేటి?” అంది. తల వంచుకుని పడ్డాను. తిట్టడం అయ్యాక భోజనం పెట్టింది. చేపల పులుసులో మామిడి టెంక వేసింది. ఎలా చేసిందో రేఖకు వేరే కాగితం మీద రాసి పంపుతున్నాను.

నువ్వన్నావు, నిజం చెబితే ఆమెకు ఆ తండ్రి కూడా ఉండడని. ఆమెకు కార్ఖానాలో తండ్రి అక్కర్లేదు. వచ్చే వేటకు కొబ్బరికాయ వదులుతానంది, ఇక వదలనని అన్నందుకు కూడా కలిపి ఇంకొకటి వదులుతానంది.

బయలుదేరుతుంటే గుమ్మం దాకా వచ్చి చెయ్యి పట్టుకుంది.

“అమ్మా, ఆ రోజుల్లో రాత రానోల్లు ఎవులి సేతో రాయించుకునీవోరు గదా? మా అయ్యకి అక్కడ రాసిపెట్టీవోలు దొరకనేదు. అంతే గదా?”

“అంతే అయి ఉంటుంది” అన్నాను.

“మీరున్నారు గదా. ఆడి తరపున ఒక ఉత్తరం రాసీయండి.”

చినబాబూ, ఇంకెప్పుడూ ఇలాంటి పని చెయ్యనని అదే గుమ్మంలో నిలబడి చెప్పి రెండు గంటలు కాలేదు. పైన ‘నకలు’ అని రాయాల్సి ఉంటుందన్నాను.

“రాయండి. మా కోడలు సదివినపుడు ఆ ముక్క మింగేత్తాది” అంది. అరుణశ్రీ తల ఊపింది.

నువ్వు బండిని ఇక ముట్టుకోకు. మీగడ వైపు నీకు తెలిసినది, ఆకుపచ్చ వైపు నేను చూసినది. మావయ్యగారు రెండు రంగుల్లోనూ నడిపే ఉంటారు. అలాగే తిప్పు. అట్టను వేడినీళ్ళ ఆవిరి మీద పెడితే జిగురు ఊడుతుంది. కమిటీవాళ్ళు కప్పు అడిగితే కప్పూ, చీటీ వెనక వైపూ కలిపి చూపించు.

ఇవాళ పొద్దుట నుంచి ఆ ఉత్తరం ముందు పెట్టుకుని కూర్చున్నాను. ‘ఇక్కడ నేను క్షేమం’ అని మొదలుపెట్టబోతే చెయ్యి సాగలేదు. ఆయన క్షేమంగా ఉన్నాడో లేదో నాకు తెలియదు. ‘కార్ఖానాలో పని దొరికింది’ అనలేను. ‘త్వరలో వస్తాను’ అనడానికి అసలే ధైర్యం లేదు. తెలిసినవి మాత్రమే రాస్తే ఏం మిగులుతుందా అని ఆలోచించాను. మధ్యాహ్నానికి ఇంత మిగిలింది:

‘అమ్మా లక్ష్మణా, నాకు రాత రాదు. ఇది వేరే ఆమె నా బదులు రాస్తోంది.’

చదివి చూసుకున్నాను. రాత రాదన్నది ఆయన్ని ఎరిగిన భార్య మాట. ఇందులో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు. పైన నకలు అనే మాట రాయలేదు, ఇక దాని అవసరం లేదనిపించింది. సంతకం పెట్టే చోట ఖాళీ వదిలేశాను. కరక్కాయ నీళ్ళు పట్టించలేదు. కాగితం తెల్లగానే వెళుతోంది.

నీ వదిన
సుహాసిని